బొమ్మ నిలబడితేనే పల్నాడు కనబడుతుంది

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఇక్కడ కాలేజీకైనా, గుడికైనా, లాడ్జికైనా వెబ్‌సైట్ చేయిస్తే ముందు వచ్చే కోరిక ఒకటే: పైన అయిదారు ఫోటోలు వాటంతటవే మారుతుండాలి. కోటప్పకొండ, ఎత్తిపోతల, సాగర్ డ్యామ్, మాచర్ల చెన్నకేశవాలయం, కొండవీడు కోట ఒకదాని వెనుక ఒకటి వచ్చి పోతుంటాయి. ఊరి మీద ప్రేమతోనే పెడతారు, సందేహం లేదు. కానీ ఆ ప్రేమ చూసేవారికి అందాలంటే హోమ్‌పేజీలో ఈ తిరుగుడు ఆపాలి. ఒక్క మంచి ఫోటో నిలపాలి. మిగతావి చూసేవారు తమ వేలితో జరుపుకునేలా గ్యాలరీలో ఉంచాలి.

అమెరికాలోని నోటర్‌డామ్ యూనివర్సిటీ వెబ్‌సైట్ మీద 2013లో వెల్లడైన లెక్క చూడండి. పేజీకి వచ్చినవారిలో స్లైడ్‌షో బొమ్మ మీద నొక్కింది సుమారు ఒక శాతం. ఆ నొక్కుల్లోనూ 84 శాతం మొదటి బొమ్మకే పోయాయి. అదే ఏడాది వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ మరో సంగతి రాశారు. వాషింగ్ మెషీన్ల మీద ఆఫర్ ఉందేమోనని వెతుకుతున్న మనిషికి, పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో తిరుగుతున్న ఆ ఆఫరే కనబడలేదు. కదిలేదాన్ని ప్రకటన అనుకుని కన్ను తప్పించుకుంటుంది. అక్కడి లెక్కలు మనకెందుకు అనవచ్చు. నిజమే, కొలుచుకోవాల్సింది మన వెబ్‌సైట్‌లోనే. ఏ బొమ్మ మీద ఎందరు నొక్కారో చెప్పే ఉచిత సాధనాలు ఉన్నాయి, నెల రోజులు లెక్క తీస్తే తేలిపోతుంది. డేటా సంగతికి మాత్రం ఏ సర్వే అక్కర్లేదు. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి 4 ఎంబీ ఉంటే అయిదింటికి 20 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్ల సిగ్నల్ ఉన్నచోట అవన్నీ దిగడానికి 80 సెకన్లు పడుతుంది. ఈలోగా అడ్మిషన్ తేదీ కోసం వచ్చిన పిల్లవాడు పేజీ మూసేస్తాడు.

ఫోటో మీదే అక్షరాలు అచ్చేసి నోటీసుగా పెట్టడం మరీ తప్పు. తెలుగు నెమ్మదిగా కూడబలుక్కుని చదివేవారికి సగంలోనే బొమ్మ మారిపోతుంది. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు ఆ అక్షరాలు దొరకవు. నెమ్మదిగా చదివేవారి కోసమే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు, వాటంతటవే కదులుతూ అయిదు సెకన్లు దాటేవాటికి ఆపే వీలు ఉండాలంటున్నాయి. ఇక స్క్రీన్ రీడర్ చదివేలా బొమ్మ వెనుక ‘ఐఎంజీ 2041’ బదులు ‘కోటప్పకొండ మెట్ల దారి, శివరాత్రి ఉదయం’ అని రాయడానికి అర నిమిషం చాలు.

వరుస బొమ్మలతో కథ చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. నాగార్జునకొండ మ్యూజియంలో ఇక్ష్వాకుల కాలపు పలకలు ఉన్నాయి. పలనాటి సున్నపురాతి మీద బుద్ధుడి కథలు గడులు గడులుగా సాగుతాయి. గడికీ గడికీ మధ్య ఒక స్త్రీ పురుషుల జంటను చెక్కారు. కథ ఎక్కడ మారిందో కంటికి తెలుస్తుంది. నచ్చిన గడి దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు, వెనక్కి వెళ్లి మళ్లీ చూడవచ్చు. వేగం చూసేవారి చేతిలో ఉంది. తనంతట తిరిగే స్లైడ్‌షో లాక్కునేది సరిగ్గా దీన్నే.

‘ఒక్క ఫోటోనే పెడితే మాచర్లవారు ఏమంటారు, గురజాలవారు ఏమంటారు?’ అన్నది కొట్టిపారేయలేని అభ్యంతరం. పల్నాడు ఒక్క గుడి, ఒక్క డ్యామ్ కాదు. అయితే క్షణాలు పంచడం కంటే కాలం పంచడం న్యాయం. శివరాత్రికి కోటప్పకొండ, సాగర్ గేట్లు ఎత్తినప్పుడు డ్యామ్, కార్తీకంలో వీరారాధన రోజుల్లో కారంపూడి. ఒక్కో ఊరికి వారాల తరబడి నిండు చోటు దక్కుతుంది.

స్లైడ్‌షోకు అసలు పని ఉన్నచోటు కూడా ఉంది. కోటప్పకొండ ప్రభ ఒక్క ఫోటోకు లొంగదు. కర్రలు కట్టడం, గుడ్డలు, కాగితాలు అలంకరించడం, 80 అడుగుల నిర్మాణాన్ని నిలబెట్టడం, రోడ్డు మీద లాగడం, రాత్రి విద్యుద్దీపాలతో తిరునాళ్లలో నిలపడం వరుసగా చూస్తేనే అర్థమవుతుంది. ఆ బొమ్మలు గ్యాలరీలోకి రావాలి. ఒక్కోదాని కింద ఊరి పేరు, ఏడాది, రెండు వాక్యాల తెలుగు వివరం, పక్కనే ముందుకూ వెనక్కూ జరిపే బాణం గుర్తులు ఉండాలి.