ఎర్ర దీపం ఆరకపోతే... కారు ఎయిర్ బ్యాగ్ హెచ్చరికను తెలుసుకుందాం



రోడ్డు ప్రమాదంలో గాయపడి క్యాజువాలిటీకి వచ్చేవారిలో తల, మెడ, ఛాతీ దెబ్బలే మా నర్సులను ఎక్కువగా భయపెడతాయి. కారులో ఈ దెబ్బలను తగ్గించేవి రెండు. మొదటిది సీటు బెల్టు, రెండవది ఎయిర్ బ్యాగ్. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్ బ్యాగ్ 2019 జూలై నుండి తప్పనిసరి అయింది. 2021లో ముందు సీటులో పక్కన కూర్చునేవారికి కూడా తప్పనిసరి చేశారు. కాబట్టి నేడు చాలా ఇళ్ళలోని కార్లలో ఇది ఉంది. అయితే అది పనిచేసే స్థితిలో ఉందో లేదో చెప్పే చిన్న దీపాన్ని పట్టించుకునేవారు తక్కువ.

దీపం ఎక్కడ ఉంటుంది?

స్పీడు చూపించే మీటర్ల దగ్గర, బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రని బంతి ఉన్న బొమ్మ కనిపిస్తుంది. అదే ఎయిర్ బ్యాగ్ దీపం. కొన్ని కార్లలో ఎస్.ఆర్.ఎస్. అని అక్షరాలు ఉంటాయి. తాళం తిప్పగానే ఇది వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలగడం వల్ల దీపం బాగుందని తెలుస్తుంది. ఆరిపోవడం వల్ల పరీక్షలో లోపమేమీ దొరకలేదని తెలుస్తుంది.

లోపం ఎలా కనిపెడుతుంది?

కారు మధ్య భాగంలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె ఉంటుంది. ఢీకొన్నప్పుడు కుదుపును కొలిచే సెన్సార్లు, ఎయిర్ బ్యాగులు, బెల్టును బిగించే పరికరాలు అన్నీ వైర్లతో దీనికి కలిసి ఉంటాయి. ఒక్కొక్క బ్యాగు వెనుక నిప్పు రాజేసే చిన్న వత్తి వంటి తీగ ఉంటుంది. పెద్ద ప్రమాదం జరిగితే ఆ తీగలోకి కరెంటు వెళ్ళి గ్యాసు పుడుతుంది. రెప్పపాటుకన్నా తక్కువ సమయంలో బ్యాగు ఉబ్బుతుంది.

మామూలు సమయంలో కంప్యూటర్ ఆ తీగలోకి అతి కొద్ది కరెంటు పంపి దాని నిరోధకతను కొలుస్తుంది. నిప్పు రాజేయడానికి ఆ కరెంటు చాలదు. కొలత సుమారు 2 ఓములు వస్తే మంచిది. మరీ ఎక్కువ వస్తే వైరు తెగిందని, మరీ తక్కువ వస్తే వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. సెన్సార్లు జవాబిస్తున్నాయా, బ్యాటరీ వోల్టేజి సరిపోతున్నదా అని కూడా చూస్తుంది. తాళం తిప్పినప్పుడే కాదు, కారు నడుస్తున్నంతసేపూ ఈ పరీక్ష జరుగుతూనే ఉంటుంది.

ఐ.సి.యు.లో ఇ.సి.జి. లీడ్ ఊడిపోతే మానిటర్ అలారం మోగిస్తుంది కదా, ఇదీ అటువంటిదే. లోపం దొరికితే కంప్యూటర్ దానిని ఒక కోడ్‌గా దాచుకుని దీపం వెలిగిస్తుంది. సర్వీసు సెంటర్‌లో స్కానర్ పెట్టి ఆ కోడ్ చదివి, లోపం ఏ వైపు ఉందో తెలుసుకుంటారు.

సాధారణంగా వచ్చే లోపాలు

స్టీరింగ్ తిరిగినా వైరు తెగకుండా లోపల చుట్టలా ఉండే రిబ్బను వైరును క్లాక్ స్ప్రింగ్ అంటారు. అది తెగితే దీపం వెలుగుతుంది, చాలాసార్లు హారన్ కూడా పలకదు. సీటు కింద వైర్ల కనెక్షన్లు ఉంటాయి. అక్కడ సామాను తోసినా, నీళ్ళు చేరినా అవి వదులవుతాయి. బ్యాటరీ బలహీనపడినా దీపం వెలగవచ్చు.

దీపం చెప్పలేని సంగతులు

దీపం చూసేది కరెంటు దారిని మాత్రమే. గ్యాసు పుట్టించే మందు పాడైతే దానికి తెలియదు. టకాటా అనే జపాను కంపెనీ ఎయిర్ బ్యాగులలో జరిగింది ఇదే. వేడికి, తేమకు మందు పాడై, బ్యాగు తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు ఎగిరి అనేక దేశాలలో మరణాలు సంభవించాయి. కోట్ల సంఖ్యలో కార్లను వెనక్కి పిలిచారు. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మన ఎండలు, కోస్తా తేమ మనకు తెలిసినవే. మీ కారు ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో షోరూంలో అడగండి. మరమ్మతుకు సాధారణంగా డబ్బు తీసుకోరు.

పాత కారు కొనేవారికి మరో మాట. ప్రమాదంలో తెరుచుకున్న బ్యాగును మార్చడం ఖరీదైన పని. కొందరు బ్యాగు పెట్టకుండా, అదే ఓముల రెసిస్టర్ అతికించి కంప్యూటర్‌ను మోసగిస్తారు. మరికొందరు దీపం తీగనే తీసేస్తారు. అందుకే తాళం తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోయినా అనుమానించాలి. కొనేముందు కంపెనీ సర్వీసు సెంటర్‌లో చూపించుకోండి.

జ్ఞాపకముంచుకోండి

1. దీపం ఆరకపోయినా, మధ్యలో వెలిగినా, మినుకుమినుకుమన్నా త్వరగా సర్వీసు సెంటర్‌కు తీసుకువెళ్ళండి. లోపం ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

2. ఇంటి దగ్గర వైర్లు లాగవద్దు, మీటరు పెట్టి చూడవద్దు. బ్యాటరీ తీసినా కొంతసేపు పెట్టెలో కరెంటు నిలువ ఉంటుంది. బ్యాగు హఠాత్తుగా తెరుచుకుంటే ముఖానికి, చేతులకు గాయాలవుతాయి.

3. బ్యాగు ఉన్నా బెల్టు తప్పక పెట్టుకోండి. బెల్టు లేనివారిని బ్యాగే గాయపరచవచ్చు. స్టీరింగ్‌కు ఛాతీకి మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

4. ముందు సీటులో బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు. పిల్లల చోటు వెనుక సీటే.

5. పక్క బ్యాగులు సీటులో ఉంటే వాటిని మూసే సీటు కవర్లు వేయించవద్దు.

అలారం మోగినప్పుడు శబ్దం ఆపివేసి ఊరుకోవద్దని, ముందు రోగి దగ్గరకు వెళ్ళమని మా నర్సింగ్ విద్యార్థినులకు చెబుతుంటాము. యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడు బూర ఊదినా విననివాని సంగతి మనకు తెలుసు. ప్రార్థన చేసుకుని బయలుదేరడం మంచి అలవాటు. ఆ తరువాత తాళం తిప్పి, దీపం వెలిగి ఆరిందో లేదో చూడడానికి పట్టేది కొన్ని సెకన్లే. దేవుడు మీ ప్రయాణాలన్నిటిలో మీకు తోడై ఉండును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్