మూడు దినాల జరం ఎవరికి చెప్పాలి?

ప్రొద్దుటూరులో ఒక సందు. పొద్దున పది దాటింది. ఆశా కార్యకర్త గడప ముందు నిలబడి పిలుస్తుంది. "అక్కా, ఇంట్లో ఎవరికన్నా జరం ఉందా?" లోపలి నుంచి జవాబు: "చిన్నోడికి మూడు దినాల నుంచి కాస్తా ఉందమ్మా. ఆర్‌ఎంపీ కాడ సూది ఏయించినాం, తగ్గుతాదిలే." ఆమె పుస్తకంలో పేరు, వయసు, జరం మొదలైన రోజు రాసుకుంటుంది. పోతూ పోతూ వాకిట్లో ఉన్న సిమెంటు తొట్టి మూత తీసి, ఫోన్ లైటు వేసి నీళ్లలోకి తొంగి చూస్తుంది.

మన ఊళ్లలో దాదాపు ప్రతి ఇంటికీ ఎదురయ్యే దృశ్యం ఇది. "ఏదో సర్వేలే" అనుకుని తలుపు వేసేవాళ్లూ ఉన్నారు. కానీ జిల్లా ప్రజారోగ్య వ్యవస్థ మొత్తం నిలబడేది ఆ పుస్తకంలో పడే ఒక్క వరుస మీదే. ఎట్లాగో చూద్దాం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఆసుపత్రికి రోగి వస్తాడు, డాక్టరు ఆ ఒక్క మనిషికి వైద్యం చేస్తాడు. ప్రజారోగ్యం చూసేవాళ్లకు రోగి ఊరే. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి తరతరాలుగా జనానికి తెలుసు. అట్లాంటి ఆసుపత్రి కలరా వచ్చిన మనిషిని బతికించగలదు. అదే కలరా రేపు పక్కింటికి పోకుండా ఆపాలంటే మాత్రం ఊరు తాగే నీళ్లు బాగుపడాలి. ఈ ఎరుకతోనే 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. కడప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తాగునీళ్లు, మురుగు, అంటువ్యాధుల సమాచారం, వీటన్నిటికీ స్థానిక సంస్థలదే పూచీ అని ఆ చట్టం చెప్పింది.

అందుకే ఇవాళ్టికీ ప్రజారోగ్యం ఒకే ఆఫీసు పని కాదు. కడపలో ఉండే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏఎన్‌ఎంలు, ఆశాలు, టీకాలు, మలేరియా విభాగం, క్షయ నివారణ చూస్తారు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులకు వేరే అధికారి ఉంటారు. పట్టణాల్లో కాలువలు, చెత్త, కొళాయి నీళ్లు మున్సిపాలిటీవి. పల్లెల్లో పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఉన్నాయి. కాలువ పూడిందని ఆశాను తిట్టినా, సూది వేయలేదని మున్సిపల్ మేస్త్రీని అడిగినా పని జరగదు. ఎవరి పని ఏదో తెలిస్తే మన ఫిర్యాదుకు కాళ్లొస్తాయి.

ఇన్ని ఆఫీసులను ఒక తాటి మీదికి తెచ్చేది లెక్క. ఒక సందులో ఒక్క జరం ఉంటే అది జరమే. అదే సందులో వారంలో ఎనిమిది జరాలుంటే అది హెచ్చరిక. ఆ తేడా పట్టుకోవడానికే 2004లో దేశంలో వ్యాధుల నిఘా పథకం మొదలైంది. అందులో ఏఎన్‌ఎం లక్షణాలు రాస్తుంది. డాక్టరు తన అనుమానం రాస్తాడు. ల్యాబు పరీక్షలో తేలింది రాస్తుంది. ఈ మూడూ జిల్లా నిఘా విభాగానికి చేరతాయి. మామూలు కంటే అంకె పెరిగితే ఆ వీధికి బృందం వస్తుంది, రక్త నమూనాలు తీస్తుంది, నీళ్లు పరీక్షిస్తుంది, దోమల మందు కొట్టిస్తుంది.

ఇక్కడే పెద్ద చిల్లు ఉంది. మన దగ్గర చాలా జరాలు ఆర్‌ఎంపీ దగ్గరో, ప్రైవేటు క్లినిక్‌లోనో తగ్గిపోతాయి. ఆ ఇంటికి మంచిదే, కానీ ఊరి లెక్కలోకి రాదు. ఎనిమిది జరాల్లో ఆరు రాయకపోతే ఆ వీధి కాగితం మీద ఆరోగ్యంగానే ఉంటుంది. క్షయ విషయంలో ఈ చిల్లు పూడ్చడానికే 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి కేసూ ప్రభుత్వానికి చెప్పి తీరాలని నియమం పెట్టారు.

ఇక ఆ తొట్టి దగ్గరికి వద్దాం. కొళాయి రోజూ రాని చోట తొట్లు, డ్రమ్ములు తప్పవు. డెంగీ దోమకు కావలసింది సరిగ్గా అదే, నిలవ ఉన్న మంచినీళ్లు. నీటి గీతకు కాస్త పైన, తొట్టి గోడకు అది గుడ్లు అంటిస్తుంది. గుడ్డు పగిలి పురుగై, ఆ పురుగు దోమగా ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ప్రచారం చేసేది అందుకే. వారానికొకసారి తొట్టి ఆరబెడితే ఆ చక్రం తెగుతుంది. అయితే నీళ్లు పారబోస్తే చాలదు. గోడకు అంటిన గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. కాబట్టి పీచుతో గోడంతా రుద్ది కడగాలి. ఫాగింగ్ పొగ ఎగిరే దోమను చంపుతుంది, తొట్టిలో పురుగు జోలికి పోదు. "పొగ కొట్టలేదు" అని మున్సిపాలిటీని అడిగే ముందు మన మూత ఎత్తి చూసుకోవాలి.

జమ్మలమడుగు పెన్న ఒడ్డున ఉంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే ఏరు, వాన పట్టిందంటే ఎర్రగా పొంగుతుంది. 2021 నవంబరు వానలకు మన జిల్లా ఎంత నష్టపోయిందో అందరికీ గుర్తే. ఆ నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. వరద తీశాక అసలు భయం నీళ్లతోనే. పైపుల్లోకి, బావుల్లోకి మురుగు చేరితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. దానికి మందు క్లోరిన్. ట్యాంకులో బ్లీచింగ్ కలిపి కనీసం అరగంట ఆగాలి. పైపు చివరి ఇంటి కొళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష చిన్నదే. గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. రంగు రాకపోతే ఆ నీళ్లకు కాపలా లేనట్టే. ఈ పరీక్ష ట్యాంకు పక్కన కాదు, చివరి వీధిలో చెయ్యాలి. ఆ వీధివాళ్లు దాన్ని అడిగి చేయించుకోవచ్చు.

పులివెందుల వైపు కష్టం వేరు. వానలు తక్కువ, బోర్లు లోతు. పులివెందుల, వేంపల్లె ప్రాంతాల్లో కొన్నిచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు తాగొచ్చని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ క్లోరిన్‌కు లొంగదు. కాచితే నీరు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. కళ్లకు నీళ్లు తేటగానే ఉంటాయి, రుచిలోనూ తేడా తెలియదు. ముందుగా చెప్పేది పిల్లల పళ్లు. తెల్ల మచ్చలు, తర్వాత గోధుమ రంగు గీతలు. బడిలో పళ్లు చూసే ఆరోగ్య సిబ్బంది నిజానికి ఊరి బోరును పరీక్షిస్తున్నట్టే. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది మన తెలుగు నేల మీదే, 1937లో, దర్శి ప్రాంతంలో. అప్పటి నుంచీ దీనికి నయం చేసే మందు రాలేదు. నీళ్లు మార్చడమే మార్గం. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ల గురించి చెప్పుకుంటున్న బాధ కూడా ఈ కోవలోదే. నమూనా తీసి, పరీక్షించి, ఫలితాన్ని ఆ ఊరివాళ్లకు తెలుగులో చెప్పడం ప్రజారోగ్యంలో భాగమే. ఇది వాళ్ల హక్కు.

చివరగా, ఏఎన్‌ఎం భుజాన వేలాడే టీకా పెట్టె. అందులో మంచు ప్యాకుల మధ్య సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. మన మే ఎండలో అది చిన్న పని కాదు. సీసా మీద ఒక గుండ్రటి గుర్తు, దాని నడుమ చిన్న చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటే టీకా మంచిది. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. రెండు రంగులూ కలిసిపోతే ఆ సీసా వాడకూడదు. ఏ తల్లయినా "చూపించమ్మా" అని అడగొచ్చు. ఇట్లాంటి పెట్టెలు మోసినవాళ్ల వల్లే మన దేశంలో 2011 జనవరి తర్వాత సహజ పోలియో కేసు రాలేదు.

ఇప్పుడు మొదటి ఇంటికి పోదాం. ఆ తల్లి "ఎవరికీ లేదమ్మా" అని తలుపు వేసి ఉంటే ఏమయ్యేది? పిల్లోడికి సూదితో తగ్గేదేమో. కానీ తొట్టిలో పురుగు అట్లాగే ఉండేది, పక్కింటి జరం, ఆ పై ఇంటి జరం విడివిడిగా మిగిలేవి. జిల్లాలో ఎంత పెద్ద అధికారి ఉన్నా, ఎంత మంచి ల్యాబు ఉన్నా, తన వరకు రాని కబురు మీద ఏమీ చేయలేరు. వచ్చే శుక్రవారం ఆమె మన గడప ముందుకు వస్తుంది. ఎండన పడి వచ్చింది కాబట్టి ముందు మంచినీళ్లిద్దాం. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెబుదాం.