రెండు పడవలపై కాళ్ళు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదని తెలుగులో పెద్దలు చెప్పుదురు. ‘దో కష్తియోఁ మే సవార్’ అని ఉర్దూలోను అదే అర్థమున నానుడి కలదు. రెండు భాషలవారికిని ఒకే భయము! అయినను మన విద్యార్థుల కుటుంబములలో విదేశమునందు ఒక్కరైనను లేనివి తక్కువ. అమెరికానుండి అన్నగారో, కెనడానుండి మేనమామగారో సెలవులకు వచ్చినప్పుడు ‘అక్కడి పౌరసత్వము తీసికొని ఇక్కడిది కూడ ఉంచుకొనరాదా?’ అను ప్రశ్న రాక మానదు. దానికి చట్టమేమి చెప్పుచున్నదో, రెండు పౌరసత్వములవలన కలుగు మేలు కీడు లెట్టివో ఇక్కడ వివరింపదలచితిమి.

మొదట మన దేశపు మాట. రాజ్యాంగములోని పౌరసత్వపు అధికరణములు తక్కిన భాగముకంటె ముందుగనే, 1949 నవంబరు 26ననే అమలులోనికి వచ్చినవి. దేశవిభజన జరిగి రెండేండ్లు మాత్రమే దాటిన కాలమది. ఎవరు ఈ దేశమువారు, ఎవరు ఆ దేశమువారు అనునది నాడు లక్షలాది కుటుంబములకు ప్రాణసమస్య. తన యిష్టముతో పరదేశ పౌరసత్వము పొందినవాడు భారత పౌరుడు కాడని తొమ్మిదవ అధికరణము నిర్ణయించినది. 1955 నాటి పౌరసత్వ చట్టములోని తొమ్మిదవ సెక్షను ఆ నియమమునే కొనసాగించినది. కావున అమెరికాలో పౌరసత్వ ప్రమాణము చేసిననాడే భారత పౌరసత్వము తనంతట తాను తొలగిపోవును. పెట్టె అడుగున మిగిలిన భారతీయ పాస్‌పోర్టును దౌత్య కార్యాలయములో అప్పగింపవలెను. దానితో మరల ప్రయాణము చేయుట నేరము.

విదేశమున పుట్టిన బిడ్డల విషయములో చట్టము కొంత మెత్తబడినది. అమెరికాలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అక్కడి పౌరుడు. భారతీయులైన తలిదండ్రులు ఆ బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటించి, ఏడాదిలోపల భారత దౌత్య కార్యాలయమున నమోదు చేయించినచో, అతడు మన పౌరుడు కూడ కాగలడు. అయితే యుక్తవయస్సు వచ్చిన ఆరునెలలలో ఆ రెండవదానిని వదలుకొనకున్న మనది పోవును. తాతగారి యింట పెరుగుచున్న అమెరికా మనుమలున్న కుటుంబములు ఈ గడువును గుర్తుంచుకొనుట మంచిది.

అన్ని దేశములును మనవలె కఠినముగ లేవు. బ్రిటను 1948 చట్టమునుండియు, కెనడా 1977నుండియు, ఆస్ట్రేలియా 2002నుండియు ద్వంద్వ పౌరసత్వమును అంగీకరించుచున్నవి. చిరకాలము నిరాకరించిన జర్మనీ సయితము 2024లో తలుపు తెరచినది. లాభములు సులభముగనే కనబడును. తల్లి మంచాన పడినదని కబురు వచ్చినచో వీసాకొరకు వరుసలో నిలువనక్కరలేదు. రెండుచోట్లను ఉద్యోగము చేయవచ్చును, ఆస్తి కొనవచ్చును, ఓటు వేయవచ్చును. కడుపుకూటికై వలసపోయినవాడు వతన్‌ను పోగొట్టుకొననక్కరలేదు. ఈ చివరి లాభమును తక్కువగా చూచువారితో మేము ఏకీభవింపజాలము.

ఇక నష్టములు శాంతికాలమున కంటికి కనబడవు. తొమోయా కవకీటా అనునతని చరిత్ర ఇందుకు సాక్ష్యము. అతడు 1921లో కాలిఫోర్నియాలో జపాను తలిదండ్రులకు పుట్టినాడు. పుట్టిన నేలవలన అమెరికా పౌరుడు, రక్తమువలన జపాను పౌరుడు. 1939లో అమెరికా పాస్‌పోర్టుతోనే జపాను వెళ్ళి అక్కడ చదువుచుండగా యుద్ధము వచ్చినది. అమెరికను యుద్ధఖైదీలచేత పని చేయించుచున్న కర్మాగారమున దుబాసిగా చేరి వారిని హింసించినాడు. యుద్ధము ముగిసిన పిదప మరల అమెరికా పాస్‌పోర్టు పొంది కాలిఫోర్నియాకు తిరిగివచ్చినాడు. లాస్ ఏంజెలిస్‌లోని ఒక పెద్ద దుకాణములో పూర్వపు ఖైదీ యొకడు అతనిని గుర్తుపట్టినాడు. ‘నేను జపాను పౌరుడను, నాది దేశద్రోహ మెట్లగును?’ అని అతని వాదము. రెండు పౌరసత్వములున్నవాడు రెండు దేశములకును విధేయుడై యుండవలెనని అమెరికా సుప్రీంకోర్టు 1952లో తీర్పు చెప్పినది. మరణశిక్షను అధ్యక్షుడు ఐసెన్‌హోవరు యావజ్జీవముగ మార్చినాడు. 1963లో కెన్నెడీ అతనిని విడిచి జపానుకు పంపివేసినాడు. అతని క్రూరత్వమును మేము సమర్థించుట లేదు. యుద్ధము వచ్చినప్పుడు రెండు దేశములును ఒకే మనిషిని ‘నీవు నావాడవు’ అని పట్టుకొనగలవని మాత్రము చెప్పుచున్నాము.

విడిపించుటకు మాత్రము ఎవరును రాకపోవచ్చును. ఒక దేశమున చిక్కుపడిన తన పౌరునికి, అతడు ఆ దేశమునకును పౌరుడైనచో, రెండవ దేశము దౌత్యరక్షణ ఈయజాలదని 1930 నాటి హేగ్ ఒడంబడిక పేర్కొన్నది. పన్నుల చిక్కు వేరు: తన పౌరుడు ఏ దేశమున సంపాదించినను అమెరికా లెక్క చూపుమనును. పదవుల చిక్కు మరియొకటి. ఆస్ట్రేలియా ఉపప్రధాని బార్నబీ జాయిస్ తండ్రివలన తాను న్యూజిలాండు పౌరుడను కూడనని ఎరుగకయే పార్లమెంటులో కూర్చున్నాడు. 2017లో కోర్టు అతని సభ్యత్వము చెల్లదన్నది. పౌరసత్వము వదలుకొని, మరల పోటీచేసి గెలిచినాడు.

ద్వంద్వ పౌరసత్వమును మన ప్రభుత్వము ఈయకపోయినను, దానికి బదులుగ ‘విదేశీ భారత పౌరుడు’ అను ఓ.సి.ఐ. కార్డును ఏర్పరచినది. దానిని 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగు ప్రారంభించినారు. పేరులో పౌరుడన్నమాటయే గాని ఇది జీవితకాలపు వీసావంటిది. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనరాదు, ప్రభుత్వ పదవులు లేవు. 2021 మార్చిలో వెలువడిన ఒక ప్రకటనముతో ఈ కార్డు గల విద్యార్థులకు వైద్యవిద్యాది ప్రవేశములలో సాధారణ సీట్లు మూసికొనిపోయినవి. ఆ తేదీకి ముందే కార్డు పొందినవారికి అది వర్తింపదని 2023లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది. ఒక ప్రకటనముతో కుంచించుకుపోగల హక్కును పౌరసత్వమనుట మాకు సమ్మతము కాదు.

మన నగరపు కుటుంబములను బాధించు నిబంధన యొకటి కలదు. తానుగాని, తలిదండ్రులుగాని, తాతముత్తాతలుగాని ఎన్నడైన పాకిస్తాను లేక బంగ్లాదేశ్ పౌరులై యుండినచో ఆ కార్డు రాదు. కరాచీలో హైదరాబాద్ కాలనీ అను పేట నేటికిని ఉన్నది. అక్కడివారికి ఇక్కడ బంధువులున్నారు. హైదరాబాదు పిల్ల అమెరికాలో కరాచీ మూలములుగల అమెరికా పౌరుని పెండ్లాడినదనుకొందము. వారి బిడ్డలకు అమ్మమ్మ యింటికి వచ్చుటకు ప్రతిసారి వీసా కావలసినదే. దేశభద్రతను గూర్చిన జాగ్రత్త అవసరమే. కాని ముత్తాత పాస్‌పోర్టునుబట్టి ముని మనుమని తూచుట న్యాయమా అని అడుగుటలో తప్పు లేదు.

గల్ఫు దేశములలో చెమటోడ్చు మన కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాలవారికి ఈ చర్చయే లేదు. అక్కడ ముప్పదియేండ్లు పనిచేసినను సామాన్య కార్మికునికి పౌరసత్వము రాదు. ద్వంద్వ పౌరసత్వము కోరువారి గొంతు ఢిల్లీలో వినబడినంతగా వీరి గొంతు వినబడదు. 2010లో చట్టము సవరించి విదేశమునందున్న భారత పౌరులకు ఓటర్ల జాబితాలో చోటిచ్చినారు. కాని ఓటు వేయుటకు స్వగ్రామపు పోలింగు కేంద్రమునకే రావలెను. దుబాయిలో కూలిచేయువాడు ఒక ఓటుకై విమానపు టికెట్టు కొనగలడా? ప్రతినిధిద్వారా ఓటు వేయించు బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించినది. రాజ్యసభలో అది ముందుకు సాగలేదు. 2019లో ఆ లోక్‌సభ రద్దగుటతో బిల్లును మురిగిపోయినది.