వీధిలో నీళ్ళు ఎవరివి?

మేము హైదరాబాదులోని ఈ వీధికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. అప్పట్లో ఇక్కడ నలభై డాబా ఇళ్ళుండేవి. ఇంటింటికీ మట్టి ముంగిలి, అందులో ఒక వేపచెట్టో జామచెట్టో, చాలా ఇళ్ళలో ఒక బావి ఉండేవి. ఇప్పుడూ స్థలాలు నలభయ్యే. కాని వాటిలో సగానికి పైగా అయిదంతస్తుల మేడలు లేచాయి. నలభై కుటుంబాలు ఉన్న చోట రెండువందలకు పైగా కుటుంబాలు కాపురముంటున్నాయి.

మనుషులు పెరిగితే ఫిర్యాదులు కూడా పెరుగుతాయి. ఆదివారం పొద్దున పెద్దవాళ్ళు నలుగురు వీధిలో కలుసుకున్నారంటే చాలు, ఒకరు తమ గేటుకు అడ్డంగా ఎవరో కారు పెట్టారంటారు. ఇంకొకరు చెత్తబండి రెండు రోజులుగా రాలేదంటారు. మరొకరు పై అంతస్తువాళ్ళ తడిబట్టల నీళ్ళు తమ వసారాలో పడుతున్నాయంటారు. అయితే అందరూ కలిసి చెప్పే ఫిర్యాదు ఒకటుంది. వాన పడితే మా వీధి ఏరైపోతుంది.

కిందటి వానాకాలంలో ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. మా వీధి పల్లపు కొసన ఒక పెద్ద మేడ ఉన్నది. దాని సెల్లారులో వాచ్‌మన్ కుటుంబానికి ఒక చిన్న గది ఇచ్చారు. ఆ రాత్రి మోకాలి లోతు నీళ్ళు ఆ గదిలోకి వచ్చాయి. తెల్లవారి నేను వెళ్ళేసరికి అతని భార్య బియ్యం చాటలో పోసి ఆరబెడుతున్నది. ఆరో తరగతి చదివే వాళ్ళ అమ్మాయి తడిసిపోయిన పుస్తకాలను ఒక్కొక్క కాగితమే విడదీసి మెట్ల మీద పరుస్తున్నది. సిరా రాత అంతా చెదిరిపోయింది.

"ఎవర్ననాలె సారూ? నీళ్ళు పల్లానికే వస్తయి గదా!" అన్నాడు ఆ వాచ్‌మన్.

ఆ అమ్మాయి మాత్రం, "ఈ నీళ్ళు ఎవరివి తాతయ్యా?" అని అడిగింది.

ముప్ఫై అయిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రమే పెద్దలం సమావేశమై, వీధి కాలువ బాగు చేయించమని సంబంధించిన కార్యాలయానికి ఒక అర్జీ రాశాము. అటువంటి అర్జీ రాయడం మాకు అది మూడోసారి. మొదటి రెంటికీ జవాబు రాలేదు. ఈసారి నేనొక సంగతి చెప్పాను. "అర్జీ పంపేముందు ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు తెలుసుకుందాం. మళ్ళీ వాన వచ్చినప్పుడు వీధంతా తిరిగి చూద్దాం," అన్నాను. పెద్దవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పిల్లలు ఏడుగురు సరేనన్నారు. వాచ్‌మన్ కూతురు కూడా వచ్చింది.

నాలుగు రోజులకే వాన వచ్చింది. గొడుగులు వేసుకుని బయలుదేరాము. ప్రతి ఇంటి డాబా మీది నుంచి ఒక గొట్టం కిందికి దిగుతున్నది. ప్రతి గొట్టమూ నీటిని తిన్నగా వీధిలోకే వదులుతున్నది. ముంగిళ్ళన్నీ సిమెంటు చేసి, వీధి వైపు వాలుగా ఉన్నాయి. ఒక పిల్లవాడు పలక పట్టుకుని ఇళ్ళు లెక్క పెడుతూ వచ్చాడు. పదిహేడో ఇంటి దగ్గర ఆగి, "తాతగారూ, ఇది మీ ఇల్లే!" అన్నాడు.

నిజమే. ఎనిమిదేళ్ళ కిందట మా ముంగిలి నేనే సిమెంటు చేయించాను. కాళ్ళకు మట్టి అంటుకుంటున్నదనీ, వేపాకు ఊడ్వలేకపోతున్నామనీ చెట్టు కూడా కొట్టించాను. నా డాబా నీళ్ళూ, నా ముంగిలి నీళ్ళూ ఆ అమ్మాయి పుస్తకాల మీదికే పోయాయి. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు వేసింది. అయినా పిల్లల ముందు ఒప్పుకున్నాను.

ఆ నీళ్ళు ఎన్నో లెక్క కట్టాము. మీరూ కట్టవచ్చు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగా ఒక లీటరు నీళ్ళవుతాయి. డాబా మీద మేము ఉంచిన నిటారు గోడల డబ్బాలో ఆనాడు 60 మిల్లీమీటర్ల నీరు నిలిచింది. మా ఇంటి స్థలం 200 గజాలు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 167ను 60తో గుణిస్తే 10,020. అంటే ఒక్క వానకు మా ఒక్క స్థలం మీద పదివేల లీటర్లు పడ్డాయన్నమాట! వీధిలో స్థలాలన్నీ ఇంచుమించు అంతే. నలభై స్థలాలకూ కలిపి నాలుగు లక్షల లీటర్లు.

అప్పుడు ఒక అమ్మాయి, "తాతగారూ, వేసవిలో మేం కొనే టాంకరులో ఎన్ని నీళ్ళుంటాయి?" అని అడిగింది. మా వీధికి వచ్చే టాంకరు 5,000 లీటర్లది. బావులు ఎండిపోయి, బోర్లు అడుగంటి, ఏప్రిల్, మే నెలల్లో మేమంతా డబ్బిచ్చి టాంకర్లు తెప్పించుకుంటాము. అంటే వేసవిలో నీళ్ళు కొనుక్కునే మేము, వానాకాలంలో ఒక్క రోజున ఎనభై టాంకర్ల నీటిని వీధిలో పారబోస్తున్నాము. పిల్లలు ఈ మాట ఇళ్ళలో చెప్పేసరికి నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు.

మట్టి నేల నీటినంతా తాగేస్తుందని అనుకోకండి. గట్టి వాన ఎడతెగక కురిస్తే మట్టి కూడా కొంత నీటిని వదిలేస్తుంది. అయితే ఎంత తేడా ఉంటుందో మీరే చూడవచ్చు. రెండు పళ్ళాలు తీసుకోండి. ఒకదానిలో అంచుదాకా పొడిమట్టి నింపండి, రెండోది ఖాళీగా బోర్లించి ఉంచండి. రెంటినీ కొంచెం వాలుగా పెట్టి, పల్లపు వైపు ఒక్కొక్క గిన్నె ఉంచండి. పూలమొక్కలకు పోసే చిల్లుల డబ్బాతో రెంటి మీదా ఒక్కొక్క గ్లాసు నీళ్ళు మెల్లగా పోసి, గిన్నెల్లోకి ఎంత వచ్చిందో కొలవండి. మట్టి పళ్ళెం మా వీధి పాత ముంగిలి. బోర్లించిన పళ్ళెం ఇప్పటి ముంగిలి.

మా వీధిలో అందరికన్నా పెద్ద ఒక మామ్మగారు. మా లెక్క విని ఆవిడ ఇంకొక సంగతి చెప్పారు. వాచ్‌మన్ ఉండే మేడ చోట పూర్వం ఒక కుంట ఉండేదట. అంటే నీళ్ళు దారి తప్పి రావడంలేదు, తమ పాత ఇంటికే పోతున్నాయి!

హైదరాబాదు చుట్టూ అటువంటి చెరువులూ కుంటలూ ఒకప్పుడు ఎన్నో ఉండేవి. పై చెరువు నిండితే మిగులు నీరు అలుగు దూకి, వాగు వెంట కింది చెరువుకు చేరేది. వీటిని గొలుసుకట్టు చెరువులంటారు. వాటిలో కొన్ని పూడిపోయి ఇళ్ళయినాయి. మాసాబ్ టాంక్ అనే పేటలో చెరువు ఇప్పుడు పేరుకే మిగిలింది. 2020 అక్టోబరులో పెద్ద వానలు కురిసినప్పుడు చెరువుల పక్కనా, నాలాల పక్కనా ఉన్న కాలనీలు ఎన్నో మునిగాయి.

అంతకు చాలాకాలం ముందు, 1908 సెప్టెంబరు 28న, మూసీ నదికి మహా వరద వచ్చి వేలమంది చనిపోయారు. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారని చెబుతారు. ఆ తరవాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగింది. వరద నీరు నగరానికి రాకముందే, ఎగువనే నిలవడానికి చోటు కల్పించాలని ఆయన చెప్పారు. ఆ ప్రకారమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి.

పెద్ద నదికి పనికివచ్చిన ఉపాయం చిన్న వీధికి మాత్రం పనికిరాదా? ఎగువన ఉన్నవాళ్ళం మేమే. నీటికి చోటు ఇవ్వవలసినవాళ్ళమూ మేమే.

మా ముంగిట్లో సగం సిమెంటు పగలగొట్టించాను. గోడలకూ పునాదికీ దూరంగా, ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గల ఇంకుడు గుంట తవ్వించాను. అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, పైన ఇసుక పోయించి, డాబా గొట్టాన్ని అందులోకి తిప్పించాను. రాళ్ళ సందుల్లో ఒక్కసారికి రెండువేల లీటర్ల దాకా నీరు నిలుస్తుంది. అది ఇంకుతున్నకొద్దీ మళ్ళీ చోటు ఏర్పడుతుంది. ఇటువంటి గుంటలోకి మురుగునీటిని మాత్రం ఎన్నడూ వదలకూడదు. మమ్మల్ని చూసి మరి పదకొండు ఇళ్ళవాళ్ళు గుంటలు తవ్వించారు.

అర్జీ కూడా మానలేదు. ఈసారి పిల్లలు వీధి పటం గీసి, కాలువ ఎక్కడెక్కడ పూడిందో అడుగుల్లో కొలిచి గుర్తు పెట్టారు. కట్టే ఇళ్ళ ఇసుకా, ఇటుక ముక్కలూ కాలువలో పడ్డాయని, ఆ తప్పు మాదేనని కూడా రాశాము. మూడు వారాలకు మనుషులు వచ్చి పూడిక తీశారు.

వానాకాలం చివర మరొక పెద్ద వాన పడింది. వీధిలోకి నీళ్ళు రాలేదని చెప్పను. వచ్చాయి. ఇంకా ఇరవై ఎనిమిది ఇళ్ళ గొట్టాలు వీధిలోకే ఉన్నాయి. కాని సెల్లారులో ఆ గది గడప కింద బెత్తెడు దూరంలో నీరు ఆగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఈసారి పుస్తకాలను ముందుగానే అటక మీద పెట్టుకున్నది.

పిల్లలూ, మీ వీధి పల్లపు కొసన ఎవరు ఉంటున్నారో మీకు తెలుసునా? తెలియకపోతే, వాన వచ్చినప్పుడు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, మీ డాబా గొట్టం దగ్గర మొదలుపెట్టి నీటి వెంట నడిచి చూడండి. తెరిచిన కాలువలకూ, కరెంటు స్తంభాలకూ దూరంగా నడవండి సుమా! నీళ్ళు ఎవరివో వాటి వెంట నడిస్తే మీకే తెలుస్తుంది.