తాత ట్రంకుపెట్టెలోని రైలు కాగితాలు

పిల్లలూ! మా వూరు అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం. విజయనగర రాజు బుక్కరాయల పేరు మీద వెలిసిన వూరు. వానలు తక్కువైన ఈ సీమలో చెరువు నిండటం పండుగతో సమానం.

నా చిన్నతనంలో ఒక యేడు చెరువు నిండింది. పడవలు వదలాలని నాకు సరదా పుట్టింది. మా తాత ట్రంకుపెట్టెలో పాత కాగితాల కట్ట వుంటే, ఒక్కొక్కటే తీసి పడవలు చేసి వదిలాను. తాత వచ్చి చూశాడు. కొట్టలేదు. "అవి రైలు కాగితాలురా అబ్బీ, మళ్ళీ రావు" అన్నాడు, అంతే. కట్టలో పదకొండు మిగిలాయి. అవి యిప్పటికీ నా దగ్గర వున్నాయి.

మా తాత శెనక్కాయల మండీలో గుమాస్తా. మూటలు రైలులో వేస్తే స్టేషనులో రశీదు యిచ్చేవారు. ఏ వూరి నుంచి ఏ వూరికి, ఎన్ని మూటలు, ఎంత బరువు, ఎంత చార్జీ - అన్నీ అందులో వుంటాయి. అవతలి స్టేషనులో ఆ రశీదు చూపి సరుకు తీసుకునేవారు.

ఒక రశీదులో మూటలు చాలా వున్నాయి. మరుసటి యేటి రశీదులో కొన్నే వున్నాయి. ఆ యేడు వాన తప్పిందని తాత చెప్పాడు. చూశారా, రైలు కాగితం వాన కథ కూడా చెబుతుంది!

కొన్నిటి మీద గుంతకల్లు పేరు వుంది. ఎందుకంటే, ఆ రోజుల్లో అనంతపురం లైనులో పట్టాల మధ్య దూరం ఒక మీటరు. గుంతకల్లు మీదుగా పోయే మద్రాసు-బొంబాయి పెద్దలైనులో అది 1,676 మిల్లీమీటర్లు. ఒక లైను బండి రెండో లైనులో నడవదు. అందుకని గుంతకల్లులో మూటలు దించి వేరే బండికి ఎక్కించేవారు.

అసలు ఈ చిన్నలైను రావటానికి కరువు ఒక కారణం. పెద్దలైను మద్రాసు నుంచి రాయచూరు దాకా 1871లోనే పూర్తయింది. 1876-78లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ధాన్యం స్టేషన్ల దాకా వచ్చింది. కాని మేత లేక ఎద్దులు చచ్చిపోయాయి. బండ్లు కదలలేదు. ధాన్యం చేరని వూళ్ళలో, కొనటానికి డబ్బు లేని యిళ్ళలో జనం పస్తులతో పోయారు. 1880లో కరువు కమిషను, కరువు సీమలకు యింకా రైళ్ళు కావాలని చెప్పింది. 1890ల మొదట్లో అనంతపురానికి రైలు వచ్చింది.

పాత కాగితాలు దాచటం పిచ్చిపని అనుకోకండి. రెండు వందల యేళ్ళ క్రితం కల్నల్ మెకంజీ అనే సర్వేయరు, కావలి సోదరులు మొదలైన తెలుగువారి సాయంతో వూరూరి కథలు వ్రాయించి పోగుచేశాడు. వాటినే కైఫీయతులు అంటారు. అవి లేకపోతే మన వూళ్ళ సంగతులు ఎన్నో చెదలపాలయ్యేవి.

మీ యింట్లోనూ వెతకండి. పాత అట్టటిక్కెట్టు, రశీదు, టైంటేబులు - ఏది దొరికినా జిగురుతో అతికించకండి. తడి తగలని చోట కవరులో పెట్టండి. అది ఎవరిది, ఎప్పటిది అని పెద్దలను అడిగి వేరే నోటుబుక్కులో వ్రాయండి.

నా దగ్గర పదకొండే వున్నాయి. మిగతావి కూడా వుంటే, మా సీమలో యేటేటా వాన ఎలా పడిందో, పంట ఎలా పండిందో మీకు చెప్పగలిగేవాణ్ణి. మీరు మాత్రం పడవలకు కొత్త కాగితమే వాడండి!