పూలకుండీలో ఉల్లి

ఉల్లి చేసిన మేలు తల్లియైన చేయదని మన సామెత. ఆ మేలు వంటింటితో ముగియదనియు, పూలతోటకు సైతము చెందుననియు మనవి చేయుటయే ఈ ప్రసంగోద్దేశము.

శీతలదేశముల ఉద్యానములలో అల్లియములను పూలమొక్కలకు మిక్కిలి గౌరవము కలదు. ఇవి మన ఉల్లికి, వెల్లుల్లికి దాయాదులు. వీనిలో మధ్య ఆసియా ప్రాంతపు అల్లియం గైగాంటియం నిలువెత్తు కాడపై ఊదారంగు బంతివలె పూచును. ఆ బొమ్మను చూచి మోజుపడి గడ్డలు తెప్పించినవారిలో నేనును ఒకడను. సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో మా మేడమీది కుండీలలో అవి నాలుగాకులు వేసి, పూవు చూపకయే వేసవికి క్రుళ్ళిపోయినవి. దోషము గడ్డలది కాదు. మొగ్గ తొడుగుటకు వానికి వారములకొలది తీవ్రమైన చలి కావలెను. ఇచ్చట డిసెంబరు, జనవరి రాత్రులయందు సైతము ఉష్ణమానము సాధారణముగా 15 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతముననే యుండును.

అయితే మన ఎఱ్ఱ ఉల్లిగడ్డకు ఈ కొద్దిపాటి చలియే చాలును. విత్తనము కొరకు రైతులు తల్లిగడ్డలను అక్టోబరు, నవంబరు మాసములలో నాటుదురు. గృహస్థులును అటులే చేయవచ్చును. వేసవి పంటలో నిలువయుంచిన గట్టి గడ్డలను, మొలక చూపినవానిని ఏరుకొనుడు. ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగ మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున రంధ్రమున్న 12 అంగుళముల కుండీని నింపుడు. మెడ మాత్రము పైకి కనబడునట్లు రెండు మూడు గడ్డలను ఎడముగా నాటుడు. కుండీని పూర్తియెండలో ఉంచుడు. పైమన్ను ఆరిన పిదపనే నీరు పోయుడు; నీరు నిలిచినచో గడ్డ క్రుళ్ళును.

చలికాలము ముగియు నాటికి బోలుకాడలు లేచును. కాడకొనయందు పలుచని పొర చిట్లి, వందలకొలది తెల్లని చిన్నపూలు గుండ్రని గుత్తిగా విచ్చుకొనును. అన్నియు ఒక్కనాడు పూయవు గనుక గుత్తి రెండు మూడు వారములు కనులపండువుగా నుండును.

ఇందొక వింత కలదు. ప్రతి పువ్వునందును పుప్పొడి ముందుగా రాలును. కీలాగ్రము తరువాత సిద్ధమగును. కావున ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వునకు చేర్చుటకు తేనెటీగలు రావలెను. ఆకులపై తామరపురుగు కనబడినను, పూచు దినములలో విషపుమందులు చల్లకుడు. ఈగ రానిచో గింజ లేదు.

కాయలు పగిలి నల్లగింజలు తొంగిచూడగనే గుత్తిని కోసి నీడను ఆరబెట్టుడు. ఉల్లివిత్తనము త్వరగా జీవము కోల్పోవును. మరుసటి ఋతువుననే చల్లుకొనవలెను.

కావున బుట్టలో మొలకెత్తిన గడ్డను పారవేయకుడు. దూరదేశపు గడ్డకు వెచ్చింపనున్న సొమ్మును మిగుల్చుకొని, దానికొక కుండీ ఇచ్చి చూడుడు.