మధుర తిరుమల నాయకుని మహలు - దాని కట్టడపు రీతి

దక్షిణదేశమున తెలుగు ప్రభువులు ఏలిన నగరములలో మధురకు ప్రత్యేకస్థానము కలదు. మీనాక్షీసుందరేశ్వరుల సేవకై వచ్చిన యాత్రికులలో పలువురు, ఆలయమునకు ఆగ్నేయదిశగా కొలదిదూరమున నున్న తిరుమల నాయకుని మహలును గూడ చూచి పోవుదురు. చూచినవారు సాధారణముగా రెండు మాటలందురు. "ఎంత పెద్ద స్తంభములు!" అనునది మొదటిది. "ఇది మన దేశపు కట్టడమువలె లేదే!" అనునది రెండవది. మొదటి మాటతో ఎవరికిని పేచీ లేదు. రెండవది విచారింపదగినది.

ఈ మహలును ఇటలీ దేశపు శిల్పి యొకడు నిర్మించెనని ఒక ప్రతీతి కలదు. యాత్రికులకు దారిచూపువారు దానిని నేటికిని చెప్పుచునే యున్నారు. తిరుమలుని కాలమున ఏసుసభకు చెందిన క్రైస్తవ మతబోధకులు మధురలో నుండిన మాట నిజమే. వారిలో రాబర్టు డి నోబిలి 1606లో మధురకు వచ్చెను, తమిళము, సంస్కృతము, తెలుగు నేర్చెను, ఆయన ఇటలీవాడే. కాని నగరమున ఒక ఇటలీవాడుండుట వేఱు, రాజు కొలువుకూటమును ఇటలీవాడు కట్టుట వేఱు. ఈ ప్రతీతికి ముఖ్యమైన ఆలంబము భవనము యొక్క రూపమే: లావైన గుండ్రని స్తంభములు, వాని నడుమ కమానులు, పైన గుమ్మటము. ఈ మూడును ఎచ్చటినుండి వచ్చినవో తెలిసికొన్నచో ఇటలీ వఱకు పోవలసిన పని యుండదు.

మధుర నాయకరాజ్యమునకు మూలపురుషుడు విశ్వనాథ నాయకుడు. ఆయన 1529 ప్రాంతమున విజయనగర ప్రభువుల ప్రతినిధిగా మధుర పాలనము చేపట్టెను. ఆ వంశమున తిరుమల నాయకుడు 1623లో రాజ్యమునకు వచ్చి 1659 వఱకు పాలించెను. ఆయనకు ముందు అన్న ముద్దువీరప్ప నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చియుండగా, తిరుమలుడు దానిని మరల మధురకు తెచ్చెను. తిరుమలునికి విడువని పడిశము పట్టెననియు, మధురకు రమ్మని మీనాక్షీసుందరేశ్వరులు కలలో ఆజ్ఞాపించిరనియు, బయలుదేరగానే వ్యాధి కుదిరెననియు ఒక కథ కలదు. కథ యెట్లున్నను, రాజధాని మారినప్పుడు రాజునకు ఇల్లు కావలెను. మహలు నిర్మాణమునకు చెప్పుచున్న సంవత్సరము 1636.

నాటి మహలు నేడు కనబడు దానికి నాలుగింతలు ఉండెడిది. స్వర్గవిలాసము, రంగవిలాసము అని దానికి రెండు భాగములు. రాజు స్వర్గవిలాసమునను, తమ్ముడు ముత్యాలు నాయకుడు రంగవిలాసమునను నివసించిరని చెప్పుదురు. రాణివాసము, నాటకశాల, దేవతార్చన మందిరము, ఆయుధశాల, పల్లకీలుంచు చోటు, నౌబత్తు మ్రోగు మండపము, కొలను, తోట - ఇవన్నియు ఆ ఆవరణలోనివే. ఇప్పుడు మిగిలినవి స్వర్గవిలాసపు అంగణము, దాని పడమటి కొలువుకూటము, వాయవ్యమున నున్న నాటకశాల మాత్రమే.

తూర్పు ద్వారమున లోపలికి పోగానే ఆకాశము క్రింద విశాలమైన అంగణము కానవచ్చును. నాలుగు వైపులను స్తంభముల వరుసలు. ఒక్కొక్క స్తంభము ఇంచుమించు 40 అడుగుల ఎత్తు. ఇద్దరు కౌగిలించినను అందని లావు. ఎదుట మెట్లు, వాని కిరువైపుల శిథిలములైన రాతి గుఱ్ఱములు. మెట్లెక్కినచో కొలువుకూటము. దాని నడుమ ఎనిమిది కోణముల చావడి, దానిపై ఇంచుమించు 70 అడుగుల ఎత్తున గుమ్మటము. ఆ గుమ్మటము క్రిందనే రాజు సింహాసనముండెడిది. ప్రక్కచావడుల మీద, నడిమి చావడిలోనికి తెఱచియుండునట్లు, కమానుల గవాక్షవీథులు కట్టబడినవి. అంతఃపుర స్త్రీలు వానినుండి కొలువును చూచెడివారని ప్రసిద్ధి.

ఇచ్చట ఒక్క సంగతి నిలిచి ఆలోచింపవలెను. ఇదే మధురలో, మీనాక్షీ ఆలయమున, 1569లో అరియనాథ మొదలియారు కట్టించిన వేయికాళ్ళ మండపము కలదు. దానిలో 985 స్తంభములు. ఎటు నిలిచి చూచినను స్తంభములే. నాలుగడుగులు వేసిన మరియొక స్తంభము. అంతమంది స్తంభపురుషులను నిలుపుట శిల్పి సరదాకొఱకు మాత్రమే కాదు. రాయి అదుమును ఓర్చును గాని వంపును ఓర్వదు. రెండు స్తంభములపై అడ్డముగా పెట్టిన రాతిదూలము మిక్కిలి పొడవైనచో తన బరువుచేతనే నడుమ పగులును. కావున రాతిదూలములతో కట్టిన మండపము ఎంత విశాలమైనను స్తంభముల అడవియే కావలెను. దేవాలయమునకు అది లోటు కాదు. ఒక్కొక్క స్తంభము ఒక్కొక్క శిల్పమునకు చోటిచ్చును.

రాజసభకు మాత్రము అది లోటే. వందలకొలది జనము ఒక్క మనుష్యుని చూడవలెను. ఆ ఒక్కడు అందఱిని చూడవలెను. నడుమ స్తంభములుండరాదు. దీనికి ఉపాయము కమాను. చిన్న ఇటుకలను విల్లువలె వంచి పేర్చినచో, పైబరువు ప్రతి ఇటుకను తన ప్రక్క ఇటుకపైకి నొక్కును. ఎచ్చటను వంపు లేదు, అంతయు అదుమే. రాతిదూలము దాటలేని దూరమును అరచేతి పాటి ఇటుక దాటుచున్నది! కాని కమాను బరువును క్రిందికే గాక ప్రక్కలకును త్రోయును. ఆ త్రోపుడును ఆపుటకే స్తంభములకు అంత లావు. చూచినవారు రాజుగారి గర్వమనుకొను ఆ లావులో గర్వము కొంత యున్న నుండవచ్చును, లెక్క యెక్కువ.

కమానులు, గుమ్మటము ఇటుక సున్నములవి. వానిపై గచ్చుపని. సున్నమును గానుగలో మెత్తగా నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు మొదలైనవి కలిపి పదును చేయుట దక్షిణదేశపు తాపీవారి పాత పద్ధతి. మహలు గచ్చులో కోడిగ్రుడ్ల తెల్లసొన కలిపిరని చెప్పుదురు. స్తంభముల నునుపు అందుచేతనే వచ్చినదట. గచ్చు ఎండకముందే కరణెతోను వ్రేళ్ళతోను తీర్చిన తీగలు, పువ్వులు, వ్యాళములు కమానుల అంచులను నింపినవి. ఇటుకల మట్టికై త్రవ్విన గోతినే తరువాత వండియూరు తెప్పకొలనుగా తీర్చిరనియు, ఆ త్రవ్వకములోనే ఆలయమునందలి ముక్కురుణి వినాయకుని విగ్రహము దొరకెననియు మధురవాసులు చెప్పుదురు. కొలను నిర్మాణము 1645 నాటిదనుటచే మట్టి ముందు, కొలను తరువాత అను వరుస కథకు సరిపోవుచున్నది.

ఇక ఈ కమానుల పుట్టిల్లు. మహలు కమానులు అర్ధచంద్రాకారముగా నున్న సాదా కమానులు కావు. అంచున రేకులు రేకులుగా, విచ్చిన పద్మమువలె నుండి, కొనయందు మొనదేలినవి. ఇట్టి రేకుల కమానులు హంపీలో లోటస్ మహల్ అని వ్యవహరించు పద్మమహలునందు కలవు. హంపీలోని ఏనుగుల సాలలో వరుసగా గుమ్మటములున్నవి. విజయనగర శిల్పులు దేవునికి రాతి మండపమును, రాజునకు కమానుల మేడను కట్టిరి. బహమనీ సుల్తానుల దేశమునుండి కమానును, గుమ్మటమును స్వీకరించి, వానికి తమ వ్యాళములను, పద్మములను, చూరులను జోడించిరి. యుద్ధభూమిలో శత్రువులైనవారు తాపీపనిలో ఇరుగుపొరుగువారు. తిరుపతికి సమీపమున చంద్రగిరి కోటలోని రాజమహలు ఈ సంప్రదాయపు మరియొక మెట్టు. మూడంతస్తుల ఆ మేడ రాతితోను, ఇటుకతోను, సున్నముతోను కట్టబడినది, కలప లేదు. హంపీ, చంద్రగిరి, మధుర - ఈ మూడింటిని వరుసగా చూచినవారికి తిరుమలుని మహలు వింతగా తోపదు. అది పెరిగిన రూపము. పరాయి రూపము కాదు.

ఈ వారసత్వమున ఒక విపరీతము కలదు. విజయనగరపు మేడలను ఇంత శ్రద్ధతో అనుసరించిన తిరుమలుడే, విజయనగర సింహాసనపు చివరి వారసుడైన మూడవ శ్రీరంగరాయలకు ఎదురు తిరిగి, సుల్తానుల సేనలకు దక్షిణమున దారి యిచ్చినవారిలో ఒకడు. 1649లో చెంజి కోట బీజాపురము వశమయ్యెను. తరువాత ఆ సేనలు మధురకు చేరి ధనము వసూలు చేసికొని పోయెను. రాయల మేడ రూపము నిలిచినది. రాయల రాజ్యము నిలువలేదు.

మహలు పాడగుటకు కారకులు శత్రువులు కారు. తిరుమలుని మనుమడు చొక్కనాథ నాయకుడు 1665 ప్రాంతమున రాజధానిని మరల తిరుచిరాపల్లికి మార్చి, అచ్చట తన మేడ కట్టుకొనుటకై తాత మహలును విప్పించి సామగ్రిని తరలించెను. ఎనుబది మైళ్ళకు పైబడిన దూరము. 1673లో తంజావూరిపై సేనను పంపి, విజయరాఘవ నాయకుని మరణమునకు కారకుడైనవాడును ఈ చొక్కనాథుడే; ఆంధ్రవాఙ్మయమునకు ఆటపట్టులైన రెండు కొలువుకూటములకు ఒక్కని చేతనే చేటు మూడినది. అంత విప్పించినను స్వర్గవిలాసము ఎట్లు మిగిలెను? దూలములు, చెక్కిన రాళ్ళు, తలుపులు విప్పి తీసికొనిపోయినచో మరల పనికి వచ్చును. గానుగ సున్నముతో బిగిసిన ఇటుక కమానును పగులగొట్టినచో మిగులునది రద్దు. ఆ రద్దును బండ్లకెత్తి తిరుచిరాపల్లికి తోలువాడెవడు? కమానులను నిలిపినది భక్తియు కాదు, దయయు కాదు, సున్నమే అని ఊహింపవచ్చును. ఆలయము సంగతి వేఱు. గుడి ఊరిది, దానిని విప్పుటకు ఏ మనుమడును సాహసింపడు. మేడ రాజుది; తరువాతి రాజునకు అది వట్టి సామగ్రి.

అటుపిమ్మట రెండువందల ఏండ్లు మహలు శిథిలమగుచు వచ్చెను. 1866 - 1872 నడుమ మద్రాసు గవర్నరుగా నుండిన నేపియరు ప్రభువు దానిని చూచి జీర్ణోద్ధరణము చేయించెను; రాబర్టు చిషోము అను వాస్తుశిల్పి ఆ పనికి తోడ్పడెను. మంచిపనియే. కాని నేటి గచ్చుపనిలో కొంత ఆ నాటిదని మరువరాదు. తరువాత జిల్లా న్యాయస్థానము 1970 వఱకు ఇచ్చటనే నడచెను. తిరుమలుడు తీర్పులు చెప్పిన కప్పు క్రింద వకీళ్ళు వాదించిరి. ఇప్పుడది తమిళనాడు పురావస్తుశాఖ రక్షణలో నున్నది. నాటకశాలయందు శిల్పములు ప్రదర్శింపబడుచున్నవి.

మహలులో తెలుగు వెదకువారికి గోడలపై దొరకదు. ఈ వంశపు తెలుగు సాహిత్యము అధికముగా తరువాతి కాలపు తిరుచిరాపల్లిలో వర్ధిల్లినది. విజయరంగ చొక్కనాథుడు (1706 - 1732) స్వయముగా శ్రీరంగమాహాత్మ్యము మొదలగు వచనకావ్యములు వ్రాసెను. సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును వచనమున రచించెను. కాని మహలు చుట్టు వీథులలో సౌరాష్ట్ర నేతగాండ్రు నేటికిని నివసించుచున్నారు. వారి భాషలో తెలుగు మాటలు విరివిగా వినబడును. మధుర పరిసరములలోని బలిజ, కమ్మ, రెడ్డి, రాజకంబళ నాయకుల ఇండ్లలో తెలుగు ఇంటిభాషగా నున్నది, బడిలోనికి రాకపోయినను. ఆలయమున కెదురుగా నున్న పుదుమండపమున తిరుమలుడును, ఆయన పూర్వులును రాతివిగ్రహములుగా చేతులు జోడించి నిలిచియున్నారు.

మహలుకు కొలదిదూరములో పది స్తంభముల సందు కలదు. కప్పు లేక, కమాను లేక పది రాతి స్తంభములు ఇండ్ల నడుమ, బట్టల దుకాణముల నడుమ నిలిచియున్నవి. అవి రంగవిలాసమున మిగిలినవని చెప్పుదురు. బండ్లు వాని ప్రక్కనుండియే పోవుచుండును.